సత్యవతి గారి గుండిగకి మేం పెట్టిన మెరుగు

ముందు ఒక సంజాయిషీ

ముప్పై ఎనిమిదో ఏట రిటైరయ్యానంటే ఎవరూ నమ్మరు. పెన్షను లేని రిటైర్మెంటుకి వయసుతో పనిలేదు. ఒక విశ్వవిద్యాలయం వాళ్ళ చిన్న మ్యూజియంలో ప్రదర్శనలు, ప్రజల కోసం పెట్టే కార్యక్రమాలు చూసుకునే ఉద్యోగం నాది. ఏటేటా కాంట్రాక్టు పొడిగించేవారు. ఒక ఏడాది పొడిగించలేదు. నన్ను తీసేశారనడానికి లేదు, తీసేసే పని ఎవరూ పెట్టుకోలేదు. ఉంచడం మరిచిపోయారంతే. వెళ్ళేరోజు శాలువా కప్పారు. అతిథుల కోసం ఆ శాలువాలు కొనుక్కొచ్చింది నేనే. మిగిలిపోయింది నాకొచ్చింది.

ఇప్పుడు మామిడికుదురులో మా బావగారి కొబ్బరికాయల వ్యాపారంలో ఫోన్లు ఎత్తుతున్నాను. ఈమధ్య, అదే ఉద్యోగంలోకి కొత్తగా వెళ్తున్న ఇద్దరమ్మాయిలు ఎవరో నంబరిస్తే ఫోన్ చేశారు. "సార్, ఆ పని ఎలా ఉంటుందండీ?" అని అడిగారు. నాలుగు జోకులు చెప్పి నవ్వించి పెట్టేశాను. పెట్టేశాక సిగ్గేసింది. అడిగినదానికి జవాబు చెప్పకుండా నవ్వించి పంపించడం నాకు మొదట్నుంచీ ఉన్న జబ్బు. దాని మూలంగా ఒక పెళ్ళి ఏమైందో రాస్తున్నాను. అమ్మాయిలూ, మీరడిగినదానికి ఇదీ జవాబు.

ఆ ఉద్యోగంలో అసలేముంటుంది

మ్యూజియానికి జనం రెండింటికి వస్తారు. ఎండ కాస్తే నీడకి, వాన కురిస్తే తలదాచుకోడానికి. బడిపిల్లలు తీసుకొస్తారు కాబట్టి వస్తారు. పాత విగ్రహం ముందు నిలబెట్టి గొంతు పోయేలా చెప్పి, చివర్న "ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అంటే ఎప్పుడూ ఒకటే ప్రశ్న: "సార్, బాత్రూం ఎటండీ?" మొదటి ఏడాది బాధపడ్డాను. రెండో ఏడాది మంచి వస్తువులన్నీ బాత్రూముకెళ్ళే దారిలో పెట్టించాను. నా ఉద్యోగంలో పూర్తిగా ఫలించిన ఆలోచన అదొక్కటే.

శనివారాలు మ్యూజియం ఖాళీ. కోనసీమలో సగం మంది వాడపల్లి వెంకన్న గుడి చుట్టూ ప్రదక్షిణాలు చేస్తూ ఉంటారు. శనివారం సందర్శకులు ఎందుకు తగ్గుతున్నారో రాసివ్వమంటే "స్వామివారితో పోటీ పడలేకపోతున్నాం" అని రాసిచ్చాను. మా డైరెక్టరు గారు దాన్ని కొట్టేసి "స్థానిక కారణాలు" అని దిద్దారు.

ఇక ప్రజా కార్యక్రమాలు. మనమే ఊళ్ళోకి వెళ్ళి, మైకు పట్టుకుని, "మ్యూజియం మీ అందరిదీ" అని చెప్పడం. నేను చాలా ఊళ్ళలో చెప్పాను. రాజోలు దగ్గర ఒక పెద్దాయన లేచి, "అందరిదీ అంటున్నారు కదండీ, అయితే ఆదివారం తీసుంటారాండీ?" అని అడిగారు. ఉండదండి, సెలవు అన్నాను. "ఆయ్," అని కూర్చున్నారు. కోనసీమలో ఈ "ఆయ్" కి అవునని అర్థం. ఎవరు చెప్పిందానికి అవునన్నారో, ఎందుకన్నారో మాత్రం మనమే తెలుసుకోవాలి. నాకు తెలిసేటప్పటికి ఆలస్యమైంది.

మా డైరెక్టరు గారు

ఆయన ప్రొఫెసరు. పేరు రాయను. దుర్మార్గుడైన పైఅధికారి అయ్యుంటే ఈ వ్యాసం సులువుగా తేలిపోయేది, నేను మంచివాణ్ణి అయిపోయేవాణ్ణి. ఆయన మంచివారు. కుండని అంచు పట్టుకుని ఎత్తకూడదని, అడుగున చెయ్యిపెట్టి రెండు చేతులతో ఎత్తాలని నాకు నేర్పింది ఆయనే. వస్తువుల్ని అంత ప్రేమించిన మనిషిని నేను చూడలేదు. వస్తువు పక్కన దాని యజమాని నిలబడితే మాత్రం, "కొంచెం అటు జరుగుతారా, ఫొటోలో పడుతున్నారు" అనేవారు.

"వస్తువు ఇక్కడికొచ్చాకే ఊపిరి పీల్చుకుంటుందయ్యా" అని తరచూ అనేవారు.

"మనకే జీతాలు రాక ఊపిరాడట్లేదండి" అనేవాణ్ణి నేను. ఆయన నవ్వేవారు. ఆయన మాట తప్పని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. మ్యూజియంలో ఏడాది పనిచేస్తే చాలు, ఏ వస్తువుని చూసినా దాని పని అయిపోయిందనే నమ్మకం కుదిరిపోతుంది. చిన్నప్పుడు మా ఇంట్లో వాడిన రోకలిని చూసినా నాకు దాని కింద మ్యూజియం చీటీ కనబడడం మొదలైంది.

గల్ఫ్ నుంచి వచ్చిన సామాను

ఒక ఏడాది, గల్ఫ్ వెళ్ళినవాళ్ళు ఊళ్ళకి తెచ్చిన వస్తువులతో ప్రదర్శన పెట్టాలనుకున్నాం. ఇది నా ఆలోచన. ఆలోచన మంచిదే, ఇప్పటికీ ఒప్పుకుంటాను. మామిడికుదురు చుట్టుపక్కల పేటల్లో ఇల్లిల్లూ తిరిగాను. దుప్పట్లు వచ్చాయి, ఒక్కోటి మంచమంత బరువు. పేరూ ఊరూ పెయింటుతో రాసి, తాళ్ళు బిగించిన సూట్‌కేసులు వచ్చాయి. ఒకాయన ఏసీ ఇచ్చారు. వాళ్ళింటి కరెంటు దాన్ని మొయ్యలేక, ఇన్నేళ్ళూ దానిమీద టీవీ పెట్టుకున్నారట.

అలా తిరుగుతుంటే ఒక పేటలో, రామాలయం వెనక గదిలో, గుండిగ కనబడింది. ఇత్తడిది. ఇద్దరు మనుషులు రెండువైపులా పట్టి దింపాల్సిందే. అడుగంతా మసి. మెడ మీద చెక్కిన అక్షరాలు: "మన పేట ఆడపిల్లల పెళ్ళిళ్ళకు. సత్యవతి, కువైట్."

సత్యవతి గారు అప్పుడు ఊళ్ళోనే ఉన్నారు, కూతురి సంబంధం ఖాయం చేసుకోడానికి సెలవు మీద వచ్చి. కువైట్‌లో ఒక ఇంట్లో వంట, పిల్లల పని. పెళ్ళి కుదరాలని మురమళ్ళలో వీరేశ్వరస్వామికి కళ్యాణం చేయించారు, రాజోలు వైపు సంబంధం కుదిరింది. అంచేత మంచి సంతోషంలో ఉన్నారు.

"ఆ గుండిగెందుకండీ మీకు? మసి పట్టిపోయి ఉంది. కావలిస్తే కువైట్ మిక్సీ ఉంది, కొత్తది, పట్టుకెళ్ళండి" అన్నారు.

"మిక్సీ మా ఇంట్లోనూ ఉందండి. దీని కథ కావాలి."

"కథేముందండీ, వంటపాత్ర." మళ్ళీ ఆవిడే మొదలెట్టారు. "నా పెళ్ళికి మా నాన్న పెద్దింటోళ్ళని పాత్రలడిగేడండి. అలాగే అన్నారు. ఆళ్ళింట్లో ఏదో పనుండి పొద్దెక్కేదాకా పంపలేదు. తాళి కట్టేసేరు, పొయ్యి మాత్రం ఎలగలేదు. మగపెళ్ళోరు ఆకుల ముందు కూర్చుని ఉత్త మంచినీళ్ళు తాగేరండి. మా నాన్న ఒక్కొక్కరి దగ్గరికీ ఎళ్ళి, 'అయిపోవచ్చిందండి, అయిపోవచ్చిందండి' అంటా తిరిగేడు. నా పెళ్ళిలో నాకదొక్కటే గుర్తండి. తాళి కట్టింది గుర్తులేదు."

కువైట్ నుంచి మొదటిసారి సెలవుకి వచ్చినప్పుడు ఆవిడ బంగారం కొనుక్కోలేదు. ఈ గుండిగ కొని పేటకిచ్చారు. అప్పట్నుంచి ఆ పేటలో ఏ ఆడపిల్ల పెళ్ళికైనా పప్పు అందులోనే ఉడికింది. ఎవర్నీ అడగక్కర్లేదు, ఎవరి కోసమూ ఎదురుచూడక్కర్లేదు.

"పట్టుకెళ్ళండి. మా అమ్మాయి పెళ్ళికి మాత్రం ఇది ఇక్కడుండాలండి" అన్నారు.

"నేనే దగ్గరుండి తెచ్చి అప్పజెబుతానండి."

"ఆయ్. మీ మాట చాలండి."

మెరుగు

గుండిగని చూసి డైరెక్టరు గారు పొంగిపోయారు. మసి కింద అక్షరాలు సరిగ్గా కనబడటం లేదని శుభ్రం చేయించారు. లోపల కళాయి, వంట చిలుమెక్కకుండా పెట్టే తగరం పూత, అక్కడక్కడ లేచిపోయి మచ్చలుగా ఉంది. దాన్నీ గీకించేశారు. ఇత్తడి పసుపుముద్దలా బయటపడింది. కోనసీమ గాలికి ఇత్తడి తొందరగా నల్లబడిపోతుంది కాబట్టి, లోపలా బయటా వార్నిషులాంటి పూత వేయించారు. రంగులేని పూత, కంటికి కనబడదు. మ్యూజియాల్లో ఇత్తడికి అలా వెయ్యడం మామూలే. పద్ధతి ప్రకారం ఏ తప్పూ లేదు. తిరిగి పొయ్యెక్కబోయే ఇత్తడికి వెయ్యొచ్చా అన్నది ఆ పద్ధతిలో లేదు.

వేస్తున్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. పెళ్ళి సంగతి ఆ గదిలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. "ఇంకో పూత వెయ్యండి, ప్రారంభానికొచ్చే అతిథిగారు అందులో మొహం చూసుకోవాలి" అన్నాను. వేశారు.

ప్రారంభోత్సవంలో, ఇంకా సెలవులోనే ఉన్న సత్యవతి గారు మైకులో తన పెళ్ళి సంగతి చెప్పారు. హాలంతా నిశ్శబ్దం. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు తుడుచుకున్నారు. డైరెక్టరు గారు కళ్ళజోడు తీశారు. అలాంటి నిశ్శబ్దం నేను భరించలేను. మైకు అందుకుని, "ఇవాళ మాత్రం భయపడకండి, టిఫిన్లు రెడీగానే ఉన్నాయి" అన్నాను. అందరూ నవ్వారు. సత్యవతి గారూ నవ్వారు. ఎంత బాగా తేలిక చేశావయ్యా అని భుజం తట్టారు ఎవరో. ఆవిడ చెప్పింది ఆ హాల్లో ఇంకాసేపు ఉండాల్సిన మాట. దాన్ని నేను టిఫిన్ల వైపు తోలేశాను. ఆరోజు నాకు సిగ్గనిపించలేదు. ఇప్పుడు ఆ సిగ్గు కూడా లెక్కలో కలుపుకుంటున్నాను.

అప్పగింత

పెళ్ళి దగ్గరపడింది. ఆవిడ మళ్ళీ సెలవు మీద వచ్చారు. మాటిచ్చినట్టే గుండిగని ట్రాలీ ఆటోలో ఎక్కించి, పూలదండ వేసి తీసుకెళ్ళాను. మేళం కూడా పెట్టాను. అప్పగింతని కూడా ఒక కార్యక్రమం చేసెయ్యాలనే యావ అది. ఫొటోలుంటాయి కదా. పేటలో జనం చుట్టూ మూగారు.

"మన గుండిగేనా ఇది? పెళ్ళికూతుర్ని చేసినట్టు చేసేరే!" అని ఒకావిడ ముక్కున వేలేసుకుంది.

సత్యవతి గారు వంగి లోపల చెయ్యి పెట్టి చూసుకున్నారు. నున్నగా ఉంది. "అబ్బ, మొహం కనబడతందండి. కళాయి కూడా పెట్టించేసేరాండీ?" అని అడిగారు.

సూటైన ప్రశ్న. జవాబు లేదు అనే ఒక్క మాట. కాస్త ఓపికుంటే, "లేదండి, ఏదో పూత వేశారు, వండేముందు ఒకసారి కనుక్కోవాలి." నేనన్నది ఇది:

"మా మ్యూజియంలో అన్నీ పెట్టిస్తామండి, జీతాలు తప్ప."

చుట్టూ ఉన్నవాళ్ళు విరగబడి నవ్వారు. ఆవిడ నవ్వుతూ, "ఆయ్, సంతోషమండి" అన్నారు. పక్కనున్న భర్త నాగేశ్వరరావు గారితో, "ఇంకేం, కళాయి పెట్టే ఆయనకి రావద్దని చెప్పేయండి" అన్నారు. ఆ మాట నా చెవిన పడింది. ఇప్పటికీ అక్కడే ఉంది కూడా. కానీ అప్పుడే ఎవరో శాలువా ఏదని అడిగారు, నేను శాలువా వెతకడంలో పడ్డాను.

పెళ్ళి రోజు

పగటి ముహూర్తం. పెళ్ళికి నన్ను మరీ మరీ పిలిచారు. గుండిగ తెచ్చినవాణ్ణి కదా, పెద్దమనిషి హోదాలో పొద్దున్నే వెళ్ళాను. వంటల పందిట్లో మేస్త్రి వీర్రాజు గారు సరుగుడు కర్రలు ఎగదోస్తున్నారు. గుండిగ పొయ్యెక్కింది, నిండా నీళ్ళు. కందిపప్పు కడిగి పక్కన పెట్టారు.

ముందు వాసన వచ్చింది. కొత్త బీరువా తెరిచినప్పుడు వచ్చే వాసన, ఆ బీరువాకి ఎవరో నిప్పంటిస్తే ఎలా ఉంటుందో అలా.

"ఏవండీ, ఇదేంటండీ? నీళ్ళకి మీగడ కట్టింది!" అన్నారు వీర్రాజు గారు. గరిటెతో తీసి చూపించారు. పల్చటి పొర, పాము కుబుసంలా వేలాడింది. బయటవైపు పూత నల్లగా బుడగలెత్తి కారుతోంది. "ఓలమ్మో, దీనికి పెయింటేసేరేంటండీ ఎవరో?"

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తరవాత నా మొహం చూశారు.

సత్యవతి గారు పట్టుచీరలో, చేతులకి పసుపుతో గబగబా వచ్చారు. నీళ్ళలోకి చూశారు. నా వైపు చూశారు.

"పూత వేశారండి. మెరుపు కోసం. కళాయి కాదండి అది" అన్నాను.

"మీరు పెట్టించేమన్నారు కదండీ?"

ఒక జోకు నాలిక చివరిదాకా వచ్చింది. అదేమిటో ఇక్కడ రాయను. ఆ మాత్రం సిగ్గు ఉంది. బయటికి రానివ్వలేదు.

ఆవిడ అరుస్తారనుకున్నాను. అరిస్తే బావుండునని కూడా అనుకున్నాను. ఆవిడ కొంగు నడుముకి దోపుకుని, "మేస్త్రిగారూ, దింపేయండి" అన్నారు. నాతో, "మీరు కాఫీ తాగేరాండీ?" అన్నారు.

మా వైపు మర్యాద గొప్పదని అందరూ అంటారు. దానితో మనిషిని ఎంత లోతుగా కోయవచ్చో తెలియాలంటే, తప్పు చేసి కాఫీ తాగాలి.

పప్పు

అద్దె సామాన్ల షాపులన్నిటికీ ఫోన్లు చేశాం. ముహూర్తాలు ఎక్కువున్న రోజులు, అమలాపురం నుంచి రాజోలు దాకా ఒక్క పెద్ద పాత్ర ఖాళీ లేదు. పక్క పేటలో చర్చి వాళ్ళకి క్రిస్మస్ విందుల గుండిగ ఒకటి ఉంది. రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్ మేరీరత్నం గారి దగ్గర తాళం. నాగేశ్వరరావు గారు వెళ్ళి అడిగితే, "ఇదడగడానికి మీరు రావాలా, ఫోన్ చేస్తే పంపేదాన్ని కదండీ" అని ఆవిడే ఆటో ఎక్కించి పంపారు. పప్పు దించాక అన్నం కూడా ఇత్తడి గుండిగలోనే వండాలనుకున్నారట, అంచేత ఇందులో ముందు అన్నం ఎక్కించారు. పులుసుకీ కూరలకీ మేస్త్రి గారి సొంత పాత్రలు సరిపోయాయి. పప్పు మిగిలింది.

పప్పుని ఇళ్ళకి పంచారు. వాకిలి వాకిలికీ వెళ్ళి కడిగిన పప్పు గిన్నెల్లో పోసి ఇచ్చాం. "ఉడికించి పంపండమ్మా." కుక్కర్లు, తపేలాలు, ఒకావిడ అయితే పాలగిన్నె. పేటంతా కుక్కర్లు ఈలలేస్తున్నాయి. నేను నా స్కూటర్ మీద ఇంటింటికీ తిరిగి, మూతలు పట్టుకుని, వేడి వేడి పప్పు మోసుకొచ్చాను. అందులో సగం నా ప్యాంటే భోంచేసింది.

తాళి కట్టారు. మేళం ఆగింది. రాజోలు నుంచి వచ్చిన మగపెళ్ళివారు ఆకుల ముందు కూర్చున్నారు. పప్పు పూర్తిగా రాలేదు.

"ఏవండోయ్, మేం ఇవాళే తినాలా, మంచి రోజు చూసుకుని రేపు రావాలాండీ?" అన్నాడు పెళ్ళికొడుకు మేనమామ, మీసం తుడుచుకుంటూ. వరసలో నవ్వులు.

సత్యవతి గారు ఒక్కొక్కరి దగ్గరా ఆగి మంచినీళ్ళు పోస్తున్నారు. "అయిపోవచ్చిందండి" అంటున్నారు. ఒకరికి చెప్పారు. ఇంకొకరికి చెప్పారు. మూడోసారి "అయిపో" దగ్గర ఆగిపోయారు. జగ్గు పట్టుకుని అలాగే నిలబడ్డారు. నాగేశ్వరరావు గారు వచ్చి జగ్గు తీసుకుని, ఆ మిగతా మాట ఆయనన్నారు.

నాటకంలో అయితే ఇక్కడ తెర పడేది. పెళ్ళిలో పడదు. "జరుగు, జరుగు" అంటూ నన్ను తోసుకుని పప్పు బకెట్లు వచ్చాయి.

వడ్డన మొదలయ్యాక ఇంకో చిక్కు. ఒక్కో ఇంటి పప్పు ఒక్కో రకం. ఒక వరసకి ఇంగువ, ఒక వరసకి వెల్లుల్లి, ఒకరు మామిడికాయ వేశారు, ఎవరో ఉప్పు మరిచిపోయారు. పెళ్ళికొడుకు నాయనమ్మ రెండు వరసల పప్పూ తెప్పించుకుని రుచి చూసి, "ఇన్ని రకాల పప్పులు పెట్టిన పెళ్ళి నేనెక్కడా చూళ్ళేదమ్మా" అన్నారు. మెచ్చుకున్నారో దెప్పారో ఎవరికీ తెలియలేదు. మా వైపు తెలియదు. సత్యవతి గారు మాత్రం ఆ మాటని రెండు రకాలుగానూ విన్నారని ఆవిడ మొహం చూస్తే అర్థమైంది.

చివరి పంక్తిలో నన్ను కూర్చోబెట్టి ఆవిడే వడ్డించారు. "మొహమాటపడకండి, ఇంకాస్త వేసుకోండి." పప్పులో ఉప్పు లేదు. నేనడగలేదు.

క్షమాపణ అనుకున్నది

మర్నాడు డైరెక్టరు గారికి చెప్పాను. "మళ్ళీ వండుతారని నువ్వు చెప్పలేదేం?" అన్నారు. న్యాయమైన ప్రశ్న. "మీరు అడగలేదేం?" అనేది కూడా న్యాయమైనదే, కానీ దాన్ని అడ్డం పెట్టుకుని దాక్కోదలచుకోలేదు.

ఆయన పేటకి స్వయంగా వచ్చారు, నన్ను వెంటబెట్టుకుని. చేతులు జోడించి, ఆ పూత పేరు, అది ఎంత వేడికి కరుగుతుంది, ఏ ద్రావకంతో పోతుంది, అన్నీ వివరంగా చెప్పారు. పేటవాళ్ళు శ్రద్ధగా విని కొబ్బరిబొండాలు కొట్టిచ్చారు. క్షమాపణ చెప్పానని ఆయనకి నమ్మకం కుదిరింది. నేను కూడా ఏమీ చెప్పకుండా స్ట్రా పెట్టుకుని బొండం తాగాను.

గుండిగని తీసుకెళ్ళి పూత కడిగించి, నిజంగా కళాయి పెట్టించాను. నీళ్ళు కాచి చూశాం, పప్పు ఉడికించి తిన్నాం. ఏ వాసనా లేదు. మేళాలూ దండలూ లేకుండా తీసుకెళ్ళి రామాలయం గదిలో పెట్టి, "ఇప్పుడు బావుందండి, వాడుకోవచ్చు" అన్నాను.

"ఆయ్, వాడతామండి" అన్నారు పేటవాళ్ళు.

తరవాత ఆ పేటలో ఒక పెళ్ళి జరిగింది. అద్దె అల్యూమినియం పాత్రలు వచ్చాయి. ఇంకో పెళ్ళికీ అవే. గుండిగ బోర్లించే ఉంది. ఎవరూ నాతో కాదనలేదు, ఎవరూ వాడలేదు. వస్తువు బాగయింది. కూతురి పెళ్ళిలో ఏమవుతుందోనన్న తల్లి భయాన్ని కడిగే ద్రావకం మా దగ్గర లేదు. పాత్రల కోసం ఎదురుచూడక్కర్లేకుండా ఉన్న పేట, మళ్ళీ అద్దె షాపువాడి ట్రాలీ కోసం రోడ్డు వైపు చూసే పేటయింది. మా ప్రదర్శన వల్ల ఊరికి జరిగింది అదీ. నివేదికలో ఫొటోలు మాత్రం బావున్నాయి.

కొన్నాళ్ళకి నాగేశ్వరరావు గారు ఫోన్ చేశారు. "గుండిగ పట్టుకెళ్ళి మీ దగ్గరే ఉంచేయండి. ఇక్కడ చోటు చాలట్లేదండి." ఆ గది నేను చూశాను. చోటుంది.

డైరెక్టరు గారు సంతోషించారు, దాచుకోలేకపోయారు. శాశ్వత సేకరణలోకి వచ్చింది, అద్దాల పెట్టె చేయించారు. కింద చీటీ రాయమన్నారు. "సామూహిక భోజన సంప్రదాయానికి ప్రతీక" అని ఆయన చెప్పారు. "ఇది వంటకి పనికొస్తుంది. మా తప్పు వల్ల వండటం మానేశారు" అని నేను రాసుకెళ్ళాను. ఆయన చదివి, "ఇది చీటీ కాదు, పోలీసు స్టేట్‌మెంటు" అన్నారు. మొదటిసారి ఆయన జోకేశారు, నేను నవ్వలేదు. ఆయన చీటీయే పెట్టారు. పెట్టింది నా చేత్తోనే.

కొత్తగా చేరేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒకటే. ఏ ఇంటికి వెళ్ళినా ఆ వస్తువుకి ఎన్నేళ్ళని అడగడం మానండి. దీనికి రేపేం పనుందండీ అని అడగండి. జవాబు చెప్పినప్పుడు నవ్వించకండి. ఇంకా ఉన్నాయి గానీ, పాటించనివాణ్ణి అన్నీ చెబితే బావుండదు.

ఆవిడ వచ్చినప్పుడు

తరవాతి సెలవుకి సత్యవతి గారు మ్యూజియానికి వచ్చారు. నా కాంట్రాక్టుకి అదే చివరి ఏడాది. అద్దం అవతల గుండిగని చుట్టూ తిరిగి చూశారు. చీటీ చదివారు.

"బాగా పెట్టేరండి. దుమ్ము పడదు" అన్నారు.

"నన్ను క్షమించండి. కళాయి పెట్టించారా అని మీరడిగినప్పుడు లేదని చెప్పాల్సింది. జోకేశాను. మీ అమ్మాయి పెళ్ళి పాడుచేశాను." ఎలాంటి మలుపూ లేకుండా నేను చెప్పిన మాటల్లో అన్నిటికన్నా పొడుగైనది అదే.

ఆవిడ నా వైపు చూసి, "పెళ్ళి బానే జరిగిందండి. పిల్ల సుఖంగా ఉంది" అన్నారు. గుండిగ వైపు తిరిగి, "ఆరోజు మా నాన్న గుర్తొచ్చేడండి, అంతే" అన్నారు.

ఆవిడే మళ్ళీ అందుకున్నారు.

"ఇంకోటి కొన్నానండి. స్టీలుది, పెద్దది. మా మరిదిగారి అమ్మాయి పెళ్ళికి పొయ్యెక్కిస్తాం."

"ఎప్పుడండీ? ముందురోజే వచ్చి ఏదైనా సాయం చేస్తాను. మోతలూ అవీ..."

"అయ్యో, మీకెందుకండీ శ్రమ" అన్నారు నవ్వుతూ. "మీరు భోజనాల వేళకి రండి, చాలు."

శుభలేఖ వచ్చింది, మా ఇంటికి మనిషి వచ్చి బొట్టు పెట్టి పిలిచారు. భోజనాల వేళకే వెళ్ళాను. నాగేశ్వరరావు గారు గేటు దగ్గరే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి మొదటి పంక్తిలో కూర్చోబెట్టారు. అన్నీ వేళకి వచ్చాయి. పప్పు అందరి ఆకుల్లోనూ ఒకటే రుచి, బావుంది. చెయ్యి కడుక్కుని, కొత్త గుండిగని ఒకసారి చూద్దామని పందిరి వెనక్కి రెండడుగులు వేశాను. వీర్రాజు గారు గరిటె పట్టుకుని ఎదురొచ్చారు.

"తమరు ఇటెందుకండీ, పొగ. తాంబూలం అటిస్తున్నారు" అన్నారు, ఎంతో మర్యాదగా.

"ఆయ్" అన్నాను.